ఎంత కట్టినా కారే కుళాయి

రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక వంటింట్లోంచి "టప్... టప్..." మని చప్పుడు వినబడుతుంది. కుళాయి ఎంత బిగించి కట్టినా ఆ చుక్క ఆగదు. "ఒక్క చుక్కేగా, పోనిద్దూ!" అనుకుంటాం. ఆ చుక్క విలువ ఎంత? అది ఎందుకు కారుతుంది? దాన్ని మనమే ఆపగలమా? ఈ నెల తెలుసుకుందాం. మీ ఊళ్లో దాన్ని పంపు అన్నా, నల్లా అన్నా వస్తువు ఒకటే.

చుక్క లెక్క

సెకనుకు ఒక చుక్క పడుతోందనుకోండి. రోజుకు 86,400 సెకన్లు. కనుక 86,400 చుక్కలు. చుక్కల మందు గొట్టంతో అయితే 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు అని లెక్క. ఆ ప్రకారం రోజుకు 4 లీటర్లకు పైగా, సంవత్సరానికి సుమారు 1,577 లీటర్లు! 15 లీటర్ల బకెట్లు నూరు నిండుతాయి. కుళాయి మూతి వెడల్పు కాబట్టి దాని చుక్క ఇంకా పెద్దది. అంటే అసలు నష్టం ఇంతకంటే ఎక్కువే. కావాలంటే కారే కుళాయి కింద గంటసేపు గిన్నె పెట్టి, పడిన నీటిని కొలిచి, 24తో హెచ్చవేసి చూడండి.

ఆ నీళ్లు ఊరికే వచ్చాయా? ఉదాహరణకు, హైదరాబాదుకు కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తాయి. సాగర్ నిండు నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్లకు పైన ఉంది. అంటే ప్రతి చుక్కనూ 300 మీటర్లకు పైగా పంపులతో ఎత్తి, శుద్ధి చేసి పంపుతున్నారన్నమాట! పల్లెలో బోరు నీళ్లకైనా మోటారు తిరగాలి, కరెంటు కాలాలి.

కుళాయి లోపల

పిడిని చుట్లు తిప్పి కట్టే మామూలు కుళాయి లోపల, నీటి దారికి అడ్డంగా ఒక చిన్న గోడ, దానిలో గుండ్రటి రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రపు అంచును 'సీటు' అంటారు. పైన మరలున్న కాడ. దాని అడుగున ఒక రబ్బరు బిళ్ల. అదే వాషరు. పిడి తిప్పితే కాడ దిగి వాషరును సీటు మీద నొక్కుతుంది. నీటి దారి మూసుకుంటుంది. ఇటువంటి మర కుళాయికి ఇంగ్లండులోని రోథర్‌హామ్ పట్టణపు గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ 1845లో పేటెంటు పొందింది.

మరి ఇత్తడి మీద ఇత్తడినే నొక్కితే చాలదా? చాలదు. కంటికి నునుపుగా కనిపించే లోహం మీద కూడా సన్నని ఎత్తుపల్లాలు ఉంటాయి. నీరు ఆ సందుల్లోంచి దూరి వస్తుంది. మెత్తని రబ్బరు అణిగి ఆ సందులను పూడుస్తుంది. కాలం గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి, దాని మీద సీటు అంచు గాడి పడుతుంది. అప్పుడే చుక్క మొదలవుతుంది.

చాలామంది అప్పుడు ఇంకా బలంగా బిగిస్తారు. పిడి కొస కాడ నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఒక చుట్టుకు అది సుమారు 19 సెంటీమీటర్లు తిరుగుతుంది. కాడ దిగేది రెండు మూడు మిల్లీమీటర్లే! మర కూడా ఒక సాధారణ యంత్రమే కదా. రాపిడి వల్ల కొంత పోయినా, మన చేతి బలం ఎన్నో రెట్లు పెరిగి ఆ చిన్న బిళ్ల మీద పడుతుంది. గాడి ఇంకా లోతవుతుంది. బిగించినకొద్దీ కుళాయి పాడయ్యేది అందుకే.

వాషరు మార్చే పద్ధతి

ఈ పని పెద్దవాళ్లను పక్కన ఉంచుకునే చేయండి.

1. ముందు ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి ఉన్న వాల్వు కట్టేయండి. కుళాయి తెరిచి, గొట్టంలో మిగిలిన నీటిని పోనివ్వండి. ఈ మెట్టు మరిచారా, ఇల్లు చెరువే! ట్యాంకు నీరు 5 మీటర్ల ఎత్తున ఉంటే, కుళాయి దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు అర కిలో బరువంత ఒత్తిడి ఉంటుంది.

2. తూములో గుడ్డ కుక్కండి. చిన్న నట్టు జారినా పోదు.

3. కుళాయి ఒంటిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, పిడి కింద ఉన్న ఆరు పలకల నట్టును పానాతో గడియారపు ముల్లుకు ఎదురు దిక్కున తిప్పండి. పట్టుకోకపోతే గోడలోని గొట్టం మెలిపడి పగలవచ్చు.

4. కాడను పైకి తీసి, పాత వాషరును ఊడదీయండి. దాని మీద గుండ్రటి గాడి కనిపిస్తుంది. దొంగ దొరికాడు!

5. పాతదాన్నే దుకాణానికి తీసుకెళ్లి, సరిగ్గా అదే కొలతది కొనండి. సీటు మీది ఇసుకను, సున్నపు పెచ్చులను గుడ్డతో తుడవండి. సీటు గుంటలు పడి ఉంటే కొత్త వాషరు కూడా నిలవదు, ప్లంబరును పిలవాలి.

6. కొత్తది తొడిగి, కుళాయిని సగం తెరిచినట్టుగా ఉంచి నట్టు బిగించండి. మూసి బిగిస్తే కొత్త వాషరు నలిగిపోతుంది. తరవాత కుళాయి కట్టేసి, వాల్వును మెల్లగా తెరవండి.

నీరు మూతి నుంచి కాక పిడి దగ్గర చిమ్ముతుంటే తప్పు వాషరుది కాదు. కాడ చుట్టూ ఉన్న చిన్న నట్టును కొద్దిగా బిగిస్తే చాలాసార్లు ఆగుతుంది. పావు చుట్టుతో తెరుచుకునే కొత్త రకం కుళాయిల్లో చాలావాటికి రబ్బరు బిళ్లకు బదులు పింగాణీ బిళ్లలు ఉంటాయి. వాటికి లోపలి భాగాన్ని మొత్తంగా మార్చాలి. గోడలోని చెమ్మ, గీజరు గొట్టాల జోలికి మాత్రం మీరు వెళ్లకండి.

పాత వాషరును పారేయకండి. కొత్తదాని పక్కన పెట్టి, రెంటినీ గోరుతో నొక్కి చూడండి. ఏది అణిగింది? ఏది అణగలేదు? రేపు మీ బడిలో ఎన్ని కుళాయిలు కారుతున్నాయో లెక్కపెట్టి, రోజుకు ఎన్ని బకెట్లు పోతున్నాయో నల్లబల్ల మీద రాయండి. ఆ అంకె చూశాక ఎవరూ "ఒక్క చుక్కేగా" అనరు.