ఎడమ కాలితోనే ఆడాలి!

2024లో వచ్చిన అజయ్ దేవగన్ ‘మైదాన్’ చూశారా? ఆ కథ మన హైదరాబాద్ మనిషిదే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, ఆ జట్టుకే ఆడి, బడిపంతులయ్యారు. గ్రౌండ్‌లోనూ ఆయనది మాస్టారి పద్ధతే. కుడి కాలితో ఇరగదీసేవాణ్ని ఎడమ కాలితోనే ఆడమనేవారు. అందుకోసం పోటీలే పెట్టేవారు! డ్రిబ్లింగ్ చేయకూడదనేది ఇంకో రకం పోటీ. వచ్చిన బంతిని వెంటనే పాస్ ఇచ్చేయాలి, స్టైల్ కొట్టడానికి చాన్సే లేదు. అలాగని రాక్షస మాస్టారేం కాదు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ప్రాక్టీసుకు రాలేకపోతుంటే సైకిల్ అద్దె తానే ఇచ్చారు.

1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వరసగా ఐదు రోవర్స్ కప్‌లు. 1951 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం.

అసలు మజా 1962 జకార్తాలో. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. ఆ తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ని పక్కన కూర్చోబెట్టేవారు. రహీమ్ మాత్రం తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో పెట్టారు! సెమీస్‌లో గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. గ్యాలరీలన్నీ మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదే.

మరుసటి ఏడాది జూన్ 11న రహీమ్ కేన్సర్‌తో కన్నుమూశారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే ఆఖరి పతకం.