పాత ఇళ్లలో కాలం చెల్లిన విద్యుత్ బోర్డుల మార్పిడి – ప్రాణరక్షణకు అత్యావశ్యకం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: నగరంలోని చార్మినార్ సమీపాన గల గుల్జార్ హౌజ్ ప్రాంతంలో 2025 మే 18వ తేదీన ఒక పాత భవనంలో సంభవించిన అగ్నిప్రమాదంలో 8 మంది చిన్నారులతో సహా 17 మంది ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ షార్ట్ సర్క్యూటే ఇందుకు కారణమై ఉండవచ్చునని అధికారులు తొలుత అంచనా వేశారు. ఈ ఒక్క ప్రమాదమే కాదు, నివాస గృహాలలో అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ వార్తలలోను, నివేదికలలోను మొదట కనిపించే మాట "షార్ట్ సర్క్యూట్". ఆ మాటతోనే విచారణ ముగిసిపోవడం కూడ పరిపాటి అయినది. నిజానికి షార్ట్ సర్క్యూట్ ఏ ఇంటిలోనైనా, ఎప్పుడైనా సంభవించవచ్చును. అది సంభవించిన క్షణంలోనే సరఫరాను నిలిపివేయడం కొరకే ఇంటి గోడకు మెయిన్ బోర్డు అమర్చబడియున్నది. కావున ప్రమాదానంతరం వేయవలసిన అసలు ప్రశ్న "షార్ట్ సర్క్యూట్ జరిగినదా?" అన్నది కాదు, "బోర్డు సరఫరాను ఎందుకు నిలిపివేయలేదు?" అన్నది.

దేశవ్యాప్తంగా విద్యుదాఘాతం వల్ల మరణిస్తున్నవారి సంఖ్య ఏటా 10,000కు పైగానే ఉంటున్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ ఇటీవలి వార్షిక నివేదికలు తెలియజేస్తున్నవి. ఈ మరణాలన్నీ ఇళ్లలో సంభవించినవి కాకపోయినా, స్నానాల గదిలో, వంటగదిలో, తడి దుస్తులు ఆరవేసే తీగ వద్ద సంభవించేవి అనేకం. వాటిలో అధిక భాగాన్ని బోర్డులో అమర్చే ఒక చిన్న పరికరం నివారించగలదు. ఈ నేపథ్యంలో పాత ఇళ్లలోని విద్యుత్ బోర్డుల స్థితిని, వాటిని మార్చవలసిన ఆవశ్యకతను, మార్చే విధానాన్ని పాత్రికేయులకు, అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాత బోర్డుల స్వరూపం

సుమారు 30, 40 ఏళ్ల క్రితం నిర్మించిన ఇళ్లలో వరండా గోడకు బిగించిన చెక్కపలక, దానిపై మీటరు, ఇనుప పెట్టెలో మెయిన్ స్విచ్చి, వాటి క్రింద పింగాణీ ఫ్యూజులు నేటికీ కనిపిస్తున్నవి. ఈ పింగాణీ ఫ్యూజులనే ప్రజలు "కిట్‌క్యాట్" అని వ్యవహరిస్తారు. ఒకే ఇంటిని మూడు, నాలుగు వాటాలుగా విభజించి అద్దెకు ఇచ్చినచోట అదే పలకపై ఒకదాని ప్రక్కన ఒకటిగా మరిన్ని ఫ్యూజులు చేరినవి. చెక్కకు చెదపట్టడం, వానజల్లుకు పలక తడిసి ఉబ్బడం, ఇనుప పెట్టె తుప్పుపట్టడం, తీగలపై తొడుగు ఎండి పెళుసుబారి రాలిపోవడం సర్వసాధారణం.

ఆ బోర్డులు అమర్చిన రోజులలో ఇంటి అవసరాలు స్వల్పం. 60 వాట్ల బల్బులు 6, 75 వాట్ల ఫ్యాన్లు 3 ఉన్న ఇంటికి మొత్తం 585 వాట్లు సరిపోయేవి. 230 వోల్టుల సరఫరాపై ఇది సుమారు రెండున్నర ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం. నేడు అదే ఇంటిలో 2,000 వాట్ల గీజరు, సుమారు 1,600 వాట్ల ఎయిర్ కండిషనరు, 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ఏకకాలంలో పనిచేసినచో 6,400 వాట్లు, అనగా సుమారు 28 ఆంపియర్లు అవసరమగును. ఇంటికి కొత్త రంగులు, కొత్త టైల్సు వచ్చినా, గోడ లోపలి తీగలు, వరండాలోని బోర్డు మాత్రం ఆ రెండున్నర ఆంపియర్ల కాలం నాటివే. తీగలో ప్రవాహం రెట్టింపైనచో పుట్టే వేడి నాలుగింతలగును. తొడుగు కరగడానికి, మంట పుట్టడానికి మూలం ఇదే.

రాగి దిగుమతులు పరిమితంగా ఉన్న రోజులలో అనేక గృహాలలో అల్యూమినియం తీగలు వాడబడినవి. అల్యూమినియం వేడికి వ్యాకోచించి, చల్లబడినప్పుడు సంకోచించడం వల్ల స్క్రూల వద్ద బిగువు క్రమంగా సడలిపోవును. సడలిన ఆ కలయిక వద్ద నిప్పురవ్వలు పుట్టును. స్విచ్చి వేసినప్పుడు చిటపట శబ్దం, బోర్డు వద్ద కమురు వాసన, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక ఇందుకు స్పష్టమైన సూచనలు.

ఫ్యూజు ఎందుకు విఫలమగుచున్నది?

ఫ్యూజు సూత్రం సరళమైనది. మొత్తం మార్గంలో అన్నిటికంటె బలహీనమైన తీగను ఉద్దేశపూర్వకంగా ఒకచోట ఉంచి, ప్రవాహం హద్దు మీరినప్పుడు అది కరిగి సరఫరా ఆగిపోయేటట్లు చేయడమే ఫ్యూజు. అయితే ఈ రక్షణ పూర్తిగా దానిని కట్టే చేతిపై ఆధారపడియున్నది. మాటిమాటికీ ఫ్యూజు పోవుచున్నదని రెండు, మూడు పోగులు మెలివేసి కట్టడం, వైరు ముక్కలోని రాగి పోగులను తీసి చుట్టడం నిత్యం జరుగుచున్నదే. అట్లు చేసిన మరుక్షణం అత్యంత బలహీనమైన స్థానం ఫ్యూజు నుండి గోడ లోపలి తీగకు మారిపోవును. ఇకపై కరగవలసి వచ్చినప్పుడు కరిగేది ఫ్యూజు కాదు, ఇంటి వైరింగ్.

సరైన తీగ కట్టినప్పటికీ ఈ రకపు ఫ్యూజు తన నిర్ణీత సామర్థ్యానికి దాదాపు రెట్టింపు ప్రవాహం వచ్చేవరకు కరగకపోవచ్చును. అనేక పాత బోర్డులలో ఫేజు తీగతో పాటు న్యూట్రల్ తీగకు కూడ విడి ఫ్యూజు ఉండుట మరొక లోపం. న్యూట్రల్ ఫ్యూజు పోయినప్పుడు దీపాలు ఆరిపోవును గాని, తీగలలో విద్యుత్తు అట్లే ఉండును. కరెంటు లేదని భావించి చేయి పెట్టినవారు ప్రమాదానికి గురి అగుదురు. న్యూట్రల్‌ను విడిగా తెంచే ఏర్పాటును భద్రతా నిబంధనలు అనుమతించవు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం, మనిషిని విద్యుదాఘాతం నుండి ఫ్యూజు కాపాడదు. మనిషి శరీరం గుండా 30 మిల్లీ ఆంపియర్లకు మించిన ప్రవాహం కొద్ది క్షణాలు కొనసాగినా గుండె లయ తప్పే ప్రమాదమున్నది. ఇది 5 ఆంపియర్ల ఫ్యూజు సామర్థ్యంలో నూటికి ఒక వంతుకైనా చేరదు. ప్రాణం పోవుచున్నా ఫ్యూజుకు తెలియదు.

నూతన బోర్డులో ఉండవలసినవి

పాత పలక స్థానంలో మంటను వ్యాపింపజేయని పెట్టెలో డిస్ట్రిబ్యూషన్ బోర్డును అమర్చి, అందులో రెండు రకాల రక్షణ పరికరాలను ఉంచవలెను.

మొదటిది ఎం.సి.బి. ఇందులో వేడికి వంగే లోహపు పట్టీ అధిక లోడును, విద్యుదయస్కాంతం షార్ట్ సర్క్యూట్‌ను గుర్తించును. షార్ట్ సర్క్యూట్ జరిగినప్పుడు సెకనులో స్వల్ప భాగంలోనే సరఫరా ఆగిపోవును. ఎవరూ దానికి తీగ కట్టవలసిన పని లేదు. అయితే ఎం.సి.బి. సామర్థ్యం తీగ మందాన్ని బట్టి ఉండవలెనే గాని, వాడే ఉపకరణాన్ని బట్టి కాదు. సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 6 నుండి 10 ఆంపియర్లు, 2.5 తీగకు 16 ఆంపియర్లు, 4 తీగకు 20 నుండి 25 ఆంపియర్ల ఎం.సి.బి.లు తగినవి. మాటిమాటికీ పడిపోవుచున్నదని 16 స్థానంలో 32 అమర్చడం, ఫ్యూజులో మూడు పోగులు మెలివేసి కట్టడంతో సమానమైన పొరపాటు.

రెండవది ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన ప్రవాహం న్యూట్రల్‌లో తిరిగి వచ్చుచున్నదా లేదా అని ఇది నిరంతరం సరిచూచును. మధ్యలో కొంత ప్రవాహం మనిషి ద్వారా గాని, తడి గోడ ద్వారా గాని భూమిలోకి పోయినచో తేడాను గుర్తించి క్షణకాలంలో సరఫరాను నిలిపివేయును. ఇళ్లలో ఈ హద్దు 30 మిల్లీ ఆంపియర్లకు మించరాదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో జారీ చేసిన భద్రతా నిబంధనలు నిర్దేశించినవి. వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనలు కూడ ఈ రక్షణను కొనసాగించుచున్నవి. ఆర్.సి.సి.బి. అధిక లోడును గుర్తించలేదు, ఎం.సి.బి. లీకేజీని గుర్తించలేదు. కావున రెండూ ఉండితీరవలెను.

బోర్డుతో పాటు ఎర్తింగ్ సక్రమంగా ఉన్నప్పుడే రక్షణ సంపూర్ణమగును. ఎర్తింగ్ ఉన్న ఇంటిలో గీజరుకు విద్యుత్తు తగిలిన వెంటనే, మనిషి దానిని తాకకముందే ఆర్.సి.సి.బి. పడిపోవును. ఎర్తింగ్ లేనిచోట మనిషి తాకిన తరువాతనే అది పనిచేయును. పాత ఇళ్లలో నీటి గొట్టాన్నే ఎర్తుగా వాడుకున్న సందర్భాలు పెక్కు. తరువాత ఇనుప గొట్టాల స్థానంలో ప్లాస్టిక్ గొట్టాలు వచ్చినందున ఆ ఎర్తు పేరుకు మాత్రమే మిగిలినది. 2.5 మీటర్లకు తగ్గని పొడవు గల ఎలక్ట్రోడును భూమిలో పాతి, ప్రత్యేక తీగ ద్వారా బోర్డుకు కలుపవలెను.

ఒక పరిమితిని కూడ గుర్తించవలసియున్నది. సడలిన స్క్రూ వద్ద పుట్టే వేడిని ఎం.సి.బి. గాని, ఆర్.సి.సి.బి. గాని కనిపెట్టలేవు. శిథిలమైన వైరింగ్‌కు కొత్త బోర్డును తగిలించినంత మాత్రాన ఇల్లు సురక్షితం కాజాలదు. బోర్డు మార్చే సందర్భంలోనే 500 వోల్టుల మెగ్గరుతో తీగల ఇన్సులేషన్‌ను పరీక్షించి, 1 మెగా ఓమ్‌కు తక్కువ వచ్చిన సర్క్యూట్ల తీగలను మార్చవలెను.

మార్పిడి విధానం

మీటరు వరకు గల సర్వీసు విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత. మీటరు తరువాతి భాగం వినియోగదారుని బాధ్యత. మీటరు సీలును విప్పే అధికారం ప్రైవేటు ఎలక్ట్రీషియనుకు లేదు. కావున పని ప్రారంభించడానికి ముందు సంబంధిత సెక్షన్ కార్యాలయంలో తెలియజేసి సరఫరాను నిలిపించుకొనవలెను. ఇంటిలో లోడు పెరిగియున్నచో అదనపు లోడును క్రమబద్ధీకరించుకొనుట కూడ అవసరం. లేనిచో బోర్డు కొత్తదైనా, సర్వీసు తీగ, స్తంభం వద్ద కలయిక పాత లోడుకు తగినవిగానే మిగిలిపోవును.

పనిని ప్రభుత్వ లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరుకు, పర్మిట్ గల వైర్‌మన్‌కు మాత్రమే అప్పగించవలెను. కొనుగోలు చేసే ఎం.సి.బి., ఆర్.సి.సి.బి., తీగలపై ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పక సరిచూడవలెను. పని పూర్తయిన పిదప ఏ స్విచ్చి ఏ గదికి చెందినదో బోర్డుపై వ్రాయించుకొనుట, ఆర్.సి.సి.బి.పై గల టెస్ట్ మీటను నొక్కి అది పడిపోవుచున్నదో లేదో చూచుట, ఆ పరీక్షను నెలకు ఒకసారి చేయుట మంచిది.

ఖర్చును ఒక్కసారిగా భరించలేని కుటుంబాలు పనిని దశలవారీగా చేపట్టవచ్చును. తొలి దశలో ఎర్తింగ్, ఆర్.సి.సి.బి., పింగాణీ ఫ్యూజుల స్థానంలో ఎం.సి.బి.లు, రెండవ దశలో గీజరు, ఎయిర్ కండిషనరు, వంటగదికి విడివిడి తీగలు, మూడవ దశలో మిగిలిన వైరింగ్. ప్రాణరక్షణకు సంబంధించినది ముందు, సౌకర్యానికి సంబంధించినది తరువాత. అద్దె ఇళ్లలో బోర్డు యజమాని ఆస్తి, ప్రమాదం మాత్రం అద్దెదారునిది. యజమానులు ఈ వ్యయాన్ని ఇంటి పైకప్పు మరమ్మతుతో సమానంగా భావించవలసియున్నది.

అధికారుల, పాత్రికేయుల పాత్ర

విద్యుత్ సరఫరా పొందుచున్న ప్రతి కట్టడాన్ని 5 ఏళ్లకు మించని వ్యవధిలో తనిఖీ చేయవలెనన్న సూత్రం 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోనే ఉన్నది. ఇంటింటి తనిఖీ ఆచరణలో కష్టసాధ్యమైనప్పటికీ, మీటరు రీడింగుకు వెళ్లే సిబ్బంది కాలిన, తడిసిన, తెరచియున్న బోర్డులను గమనించి సెక్షన్ కార్యాలయానికి తెలియజేయగలరు. శిథిల భవనాలను గుర్తించే పురపాలక సిబ్బంది గోడల పగుళ్లతో పాటు మెయిన్ బోర్డును కూడ పరిశీలించవచ్చును. పాత ప్రభుత్వ క్వార్టర్లలో ఈ మార్పిడిని సంబంధిత శాఖలే చేపట్టి ఆదర్శంగా నిలువవచ్చును.

విద్యుత్ చట్టం, 2003లోని 161వ సెక్షను ప్రకారం విద్యుత్ ప్రమాదాలను విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయవలసియున్నది. ఆ విచారణలలోను, పత్రికా వార్తలలోను నాలుగు వివరాలు నమోదైనచో ప్రజలకు ఎంతో మేలు కలుగును: బోర్డులో ఉన్నది ఫ్యూజా, ఎం.సి.బి.యా? ఫ్యూజులో ఏ తీగ కట్టియున్నది? ఆర్.సి.సి.బి. ఉన్నదా? ఎర్తింగ్ పనిచేయుచున్నదా? "షార్ట్ సర్క్యూట్ వల్ల" అని వ్రాసిన వార్తను చదివిన పాఠకుడు అది విధివశాత్తు జరిగినదని భావించి పేజీ త్రిప్పును. "ఫ్యూజులో మందపు రాగి తీగ కట్టియున్నందున సరఫరా ఆగలేదు" అని చదివిన పాఠకుడు లేచి తన ఇంటి బోర్డు వద్దకు వెళ్లును.

వర్షాకాలం ప్రారంభానికి ముందే తమ ఇంటి మెయిన్ బోర్డును అర్హులైన వారిచే పరీక్షింపజేసుకొనవలసినదిగా వినియోగదారులకు విజ్ఞప్తి. బోర్డు నుండి పొగ, వాసన వచ్చినా, గోడ గాని, కుళాయి గాని తాకినప్పుడు జిల్లుమనిపించినా, సురక్షితంగా అందుబాటులో ఉన్నచో మెయిన్ స్విచ్చిని నిలిపివేసి, విద్యుత్ పంపిణీ సంస్థల టోల్ ఫ్రీ నంబరు 1912కు వెంటనే తెలియజేయవలెను. మంటలు చెలరేగినచో నీరు చల్లరాదు. అందరూ బయటకు వచ్చి అగ్నిమాపక శాఖకు 101 నంబరుపై సమాచారమందించవలెను.

– పౌర సంబంధాల అధికారి