వడపోత లేని పెట్టె

తిరుపత్తూరు జిల్లాలో ఏలగిరి కొండ మీదికి ఎక్కే ఘాట్ రోడ్డులో 14 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. కారు వెనుక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే, బండి పూర్తిగా వెనుదిరిగే ఒక్కో మలుపులో వెలుపలి చక్రం లోపలి చక్రం కన్నా దాదాపు 4.4 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు విశాలమైనా ఇరుకైనా ఈ లెక్క మారదు, ఎందుకంటే రెండు చక్రాలు గీసే అర్ధవృత్తాల వ్యాసార్ధాల మధ్య తేడా ఎప్పుడూ ఆ 1.4 మీటర్లే. రెండు మీటర్ల చుట్టుకొలత గల చక్రానికి అది రెండు చుట్ల పైమాట. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే, మలుపు మలుపుకూ టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవడమో, ఇరుసు మెలిపడి విరగడమో జరుగుతుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూనే, దేనికి కావలసిన వేగంతో దాన్ని తిరగనిచ్చే పళ్లచక్రాల అమరికే డిఫరెన్షియల్.

దాని పొందిక చూడచక్కనిది. ఇంజను నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కొసన ఉండే చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. క్రౌన్‌కు బిగించిన పంజరంలో స్టార్ గేర్లనే బుల్లి చక్రాలు, వాటికి ఇరుపక్కలా చెరో యాక్సిల్ షాఫ్టును తిప్పే సైడ్ గేర్లు ఉంటాయి. బండి తిన్నగా పోతున్నంతసేపూ స్టార్ గేర్లు తమ చుట్టూ తాము తిరగక, పంజరంతో పాటు మొత్తంగా తిరుగుతాయి. మలుపు రాగానే అవి సైడ్ గేర్ల మీద దొర్లి, ఒక చక్రానికి తగ్గిన వేగాన్ని అంతకంత రెండోదానికి కలుపుతాయి.

ఫ్రాన్సు దేశపు గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెకర్ 1820ల చివర్లో ఆవిరిబండి కోసం ఈ అమరికకు పేటెంటు పొందాడు. ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో దీన్ని మూడు చక్రాల సైకిలుకు తగిలించాడు; 1886 నాటి కార్ల్ బెంజ్ మోటారుబండిలోనూ ఇది ఉంది. తరువాతి పెద్ద మార్పు అమెరికాలో జరిగింది. గ్లీసన్ సంస్థ 1920లలో హైపాయిడ్ అనే కొత్త పళ్లచక్రాలను తయారుచేయగా, వాటిని మొదటగా వాడుకున్న కార్ల కంపెనీలలో ప్యాకార్డ్ ఒకటి. ఇందులో పినియన్, క్రౌన్ నడిమధ్యకు కాక కొంత కిందుగా కలుస్తుంది కనుక, ప్రొపెల్లర్ షాఫ్టు దిగి, దానితో పాటు కారు అడుగుభాగమూ దిగింది. అయితే హైపాయిడ్ పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక, తీవ్రమైన ఒత్తిడి కింద జారుతూ రాసుకుంటాయి. ఆ రాపిడిలో మామూలు నూనె పొర చిట్లిపోతుంది కాబట్టి, గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలిపిన ప్రత్యేకమైన గేర్ ఆయిల్ అవసరమైంది. అవి వేడికి ఉక్కుతో చర్య జరిపి పళ్ల మీద పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తాయి. వెనుక ఇరుసు విప్పగానే ముక్కును తాకే ఘాటు ఆ గంధకానిదే.

ఇంజనుకు ఆయిల్ ఫిల్టరు ఉంది, వెనుక డిఫరెన్షియల్‌కు సాధారణంగా లేదు. ఈ యంత్రం గురించి తెలుసుకోవలసిన వాటిలో ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి లేదు. క్రౌన్ అడుగుభాగం నూనెలో మునిగి తిరుగుతూ, ఆ నూనెను చిమ్మి పళ్లనూ బేరింగులనూ తడుపుతుంది. అందులో పడిన ప్రతి రేణువూ ఆ నూనెతోనే మళ్లీమళ్లీ పళ్ల సందుల్లోకి వెళుతుంది, ఎవరైనా చేతితో తీసేదాకా బయటికి పోదు. కొత్త పళ్లు ఒరిపిడికి అలవాటు పడే తొలి రోజుల్లోనే సన్నని ఉక్కు పొడి పుడుతుంది. బయటి మురికికి దారి వేరు. ఇరుసు మీద గాలి ఆడేందుకు బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే, వేడికి వ్యాకోచించిన గాలి ఆయిల్ సీళ్లను తోసుకుని నూనెను బ్రేకు డ్రమ్ముల్లోకి నెడుతుంది. నీటిలో దిగినప్పుడు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. చిత్తూరు జిల్లా వైపు నుంచి వచ్చి గుడియాత్తం మీదుగా పాలారులో కలిసే కౌండిన్య నది, పాలారుతో పాటు 2021 నవంబరులో పొంగినట్లు పొంగినప్పుడు, దూరం నడిచి వేడెక్కిన బండి ఆ నీటిలోకి దిగితే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోయి, సీళ్ల అంచుల నుంచి బురదనీటిని లోనికి పీల్చుకుంటుంది. నీరు కలిసిన గేర్ ఆయిల్ పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. అటువంటి నూనెతో బండి నడపడం బేరింగులను చేజేతులా తుప్పుకు అప్పగించడమే.

1983లో వచ్చిన మారుతి 800 వంటి, ఇంజను ముందు చక్రాలను తిప్పే బళ్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే కలిసిపోయింది. వెనుక ఇరుసుతో నడిచిన అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగినా, బొలెరోలు, టాటా ఏస్‌లు, ఆంబూరు, వాణియంబాడి తోళ్లు మోసే లారీలు వెనుక ఇరుసుతోనే నడుస్తున్నాయి.

ఇలాంటి వెనుక ఇరుసును శుభ్రం చేసేటప్పుడు మొదట విప్పవలసినది నూనె పోసే ప్లగ్గు. అది తుప్పుపట్టి కదలకపోతే, నూనె దించేశాక బండి కదలలేని స్థితిలో మిగులుతుంది. కొంత దూరం నడిపి వేడెక్కించాక దించిన నూనె, అడుగున పేరుకున్న మురికిని తనతో తెస్తుంది. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే, దాని మీది బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదల. రేకుల్లా ఊడిన ముక్కలు బేరింగు పాడైందనీ, కోణాలున్న ముక్కలు పన్ను విరిగిందనీ చెబుతాయి. ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే స్టార్ గేర్ల వెనుక వాషర్లను అనుమానించాలి. ముక్కలు దొరికినప్పుడు నూనె మార్చి ఊరుకోవడం చాలదు. వెనుక మూత ఉన్న ఇరుసైతే మూత తీసి, లేనిదైతే యాక్సిల్ షాఫ్టులు లాగి గేర్ల అమరికను మొత్తంగా ముందు వైపు నుంచి దించి, కిరోసిన్‌తో కడగాలి. ఇరుసు గొట్టాల చివర్లు చాలామంది మరచిపోయే చోటు, అక్కడ చేరిన ఇసుకే తిరిగి బేరింగుల్లోకి వస్తుంది. పోగులు రాలని గుడ్డను కడ్డీకి చుట్టి ఆ చివరిదాకా తుడవాలి. పోగులు రాలే వేస్ట్ కాటన్ పనికిరాదు. కడిగిన బేరింగును గాలిగొట్టంతో గిరగిరా తిప్పి ఆరబెట్టడం మరో తప్పు, నూనె లేని రోలర్లు ఆ వేగానికే గీరుకుపోతాయి. క్రౌన్, పినియన్ జతగా ఒరిపిడి పట్టినవి కనుక ఒకటి పాడైతే రెండూ మార్చాలి. బేరింగు మూతలు కుడి ఎడమలు తారుమారు కాకుండా విప్పక ముందే గుర్తు పెట్టుకోవాలి.

బ్రీదర్‌లో గాలి ఊది చూసి, పాత గ్యాస్కెట్ తునకలు లోపల పడకుండా గీకి, మూత బిగించాక, బండిని చదునైన నేల మీద నిలిపి కొత్త నూనె పోస్తారు. కొలత పాత్రతో పెద్దగా పని లేదు. పోసే రంధ్రం అంచు నుంచి నూనె సన్నగా జారడం మొదలైతే మట్టం సరిపోయినట్టే, ఆ జారడం ఆగాక ప్లగ్గు బిగిస్తారు.