కొత్త హార్డ్‌డిస్క్ కొంటున్నారా? కంపెనీ పేరు ఆఖర్న అడగండి

మా అక్క నిఖా వీడియో 2016 నాటిది. వీడియోగ్రాఫర్ ఇచ్చిన డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. ఆ తర్వాత డీవీడీలు చుట్టాలింటికి వెళ్లాయి, తిరిగి రాలేదు. ఇక మిగిలింది ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో ఉన్న 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒక్కటే. ఒక రోజు అది టక్ టక్‌మని చప్పుడు మొదలుపెట్టింది. రెండు రోజులకి కంప్యూటర్‌లో కనిపించడమే మానేసింది. ఆ వీడియోలో మా దాదీ ఉన్నారు, ఇప్పుడు ఆవిడ లేరు. డేటా రికవరీ వాళ్లు అడిగిన డబ్బుకి కొత్త డిస్కులు నాలుగు వచ్చేవి. అయినా వస్తుందని గ్యారంటీ లేదని ముందే చెప్పేశారు.

కొత్తది కొనడానికి వెళ్లినప్పుడు అందరూ అడిగేదే నేనూ అడిగాను. "భాయ్, ఏ కంపెనీది మంచిది?" ఆ ప్రశ్న అడగొద్దని కాదు గానీ, దాని జవాబుతో పెద్దగా ఒరిగేదేమీ లేదని తర్వాత అర్థమైంది.

ప్రపంచంలో హార్డ్‌డిస్కులు తయారుచేసే కంపెనీలు ఇప్పుడు మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. హిటాచీ వాళ్ల హార్డ్‌డిస్క్ వ్యాపారం వెస్టర్న్ డిజిటల్‌లో కలిసింది, శాంసంగ్‌ది సీగేట్ కొనేసింది. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ లక్షల డిస్కులు నడుపుతూ, ఏ మోడల్ ఎన్ని పాడయ్యాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతోంది. వాళ్ల దగ్గర ఏడాదికి పాడైనవి 2023లో 1.70 శాతం, 2024లో 1.57 శాతం. అంటే వందలో ఒకటీ రెండూ. అవి ఏసీ గదుల్లో, కరెంటు పోకుండా నడిచేవి. మన ఇళ్లలో ఎండాకాలం సంగతి వేరు. ఆ లెక్కల్లో గమనించాల్సింది ఏమిటంటే, తేడా కంపెనీకీ కంపెనీకీ మధ్య కన్నా మోడల్‌కీ మోడల్‌కీ మధ్య ఎక్కువ. సీగేట్ వాళ్ల ఒక 3 టీబీ మోడల్ అప్పట్లో విపరీతంగా పాడై అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. అదే కంపెనీ వేరే మోడళ్లు ఏళ్ల తరబడి బాగా నడిచాయి. అందుకే "మా మామూది ఫలానా కంపెనీ, పదేళ్లుగా నడుస్తోంది" అన్న మాట విని కొనేయకండి. మామూ అదృష్టం మామూది.

షాపులో అడగాల్సింది మోడల్ నంబరు. దాన్ని బట్టి అది సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా అన్నది తెలుస్తుంది. సీఎంఆర్‌లో డేటా రాసే గీతలు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కి ఉంటుంది. అదే జాగాలో ఎక్కువ డేటా పడుతుంది, కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవి కూడా కదపాలి కదా, ఇక్కడా అంతే. పెద్ద పెద్ద ఫైళ్లు ఆగకుండా ఎక్కిస్తుంటే కాసేపటికి వేగం పడిపోతుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయిందేమోనని మనం స్విచ్ ఆపేస్తాం. రాస్తున్న డిస్క్‌కి అలా కరెంటు ఆపడం చాలా ప్రమాదం.

ఈ సంగతి కంపెనీలు డబ్బా మీద రాయవు. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ సిరీస్‌లో 2 టీబీ నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లను చెప్పకుండా ఎస్‌ఎంఆర్‌కి మార్చింది. 2020లో కొన్నవాళ్లు పట్టుకున్నాక గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు జాబితాలు కంపెనీల వెబ్‌సైట్లలో ఉన్నాయి, ఫోన్లో రెండు నిమిషాల పని. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే సీగేట్ బర్రాకుడా 2 టీబీ, ఎస్‌టీ2000డీఎం008, ఎస్‌ఎంఆర్ రకమే. 1 టీబీలో ఎస్‌టీ1000డీఎం010, వెస్టర్న్ డిజిటల్ బ్లూలో డబ్ల్యూడీ10ఈజెడ్ఈఎక్స్ సీఎంఆర్. ఎస్‌ఎంఆర్ అంటే చెడ్డదని కాదు. ఒకసారి ఫొటోలు ఎక్కించి, అప్పుడప్పుడు చూసుకునే ఇంటికి అది సరిపోతుంది. రోజూ వీడియో ఎడిటింగ్ చేసే కుర్రాడున్న ఇంట్లో మాత్రం సీఎంఆర్ తీసుకోవాలి.

నా అభిప్రాయంలో నాణ్యత గురించి కంపెనీ మనసులో మాట చెప్పేది వారంటీ ఒక్కటే. బర్రాకుడాకి, బ్లూకి రెండేళ్లు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్‌కి, వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్‌కి మూడేళ్లు, ఈ రెండూ సీఎంఆర్ రకమే. వెస్టర్న్ డిజిటల్ బ్లాక్‌కి ఐదేళ్లు. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే మూడేళ్ల రకం తీసుకోండి. సీసీటీవీ కోసం చేసిన పర్పుల్, స్కైహాక్‌లను డెస్క్‌టాప్‌కి అంటగట్టాలని చూసేవాళ్లూ ఉంటారు. పనిచేస్తాయి, కానీ అవి రాత్రింబగళ్లు వీడియో రాయడానికి తయారైనవి. ఇంటి కంప్యూటర్‌కి నా మొదటి ఎంపిక మాత్రం కాదు. విండోస్‌ని, దుకాణం ఉన్నవాళ్లు టాలీ డేటాని ఎస్‌ఎస్‌డీలో పెట్టుకుని, ఫొటోలూ వీడియోలకి మాత్రమే హార్డ్‌డిస్క్ వాడుకుంటే ఇద్దరికీ సుఖం.

ఇక "కొత్తది" అన్న మాట. 2025 జనవరిలో జర్మనీలో ఒక సంగతి బయటపడింది. వేల గంటలు వాడేసిన సీగేట్ ఎక్సోస్ డిస్కుల మీటరు వెనక్కి తిప్పి, కొత్తవని అమ్మారు. కొన్నవాళ్లలో షాపులను నమ్మి పూర్తి ధర పెట్టినవాళ్లున్నారు. అక్కడే అలా జరిగితే ఇక్కడ మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి? ఎక్కువ కెపాసిటీ డిస్క్ సగం ధరకి వస్తోందంటే అనుమానించండి. స్క్రూ రంధ్రాల దగ్గర గీతలున్నాయేమో, కనెక్టర్ బంగారు రంగు పిన్నుల మీద వాడిన గుర్తులున్నాయేమో చూడండి. డబ్బులు ఇవ్వకముందే డిస్క్ మీది సీరియల్ నంబరు కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. సికింద్రాబాద్ సీటీసీలో అయినా, మీ ఊళ్లో చిన్న షాపులో అయినా, నిజాయితీగా వ్యాపారం చేసేవాడు దీనికి కాదనడు.

బిల్లు గురించి బీకాం చదివినవాడిగా ఒక మాట. "జీఎస్టీ లేకుండా అయితే తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి. 18 శాతం మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, వారంటీ అడిగినప్పుడు చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల చేత తెప్పించుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తించకపోవచ్చు. భాయీజాన్ విమానం ఎక్కకముందే సీరియల్ నంబరు వాట్సాప్‌లో పంపించమనండి, ఇండియాకి వర్తిస్తుందో లేదో ఆ వారంటీ పేజీలోనే చూసుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక వెంటనే ఫొటోలు ఎక్కించకండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో పైనే కనిపిస్తుంది. కొత్తదైతే సున్నా, మహా అయితే ఒకటీ రెండూ ఉండాలి. కింద జాబితాలో రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అన్న రెండు వరసల చివర అన్నీ సున్నాలే ఉండాలి. మొదటిది పాడైన చోట్లను పక్కన పెట్టిన లెక్క, రెండోది పాడైందేమోనని అనుమానంలో ఉన్న చోట్ల లెక్క. తర్వాత విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. 2 టీబీకి నాలుగైదు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. అది డిస్క్ మొత్తం రాసి చూస్తుంది. అయ్యాక ఆ రెండు వరసలు మళ్లీ చూడండి. ఒక్క అంకె పెరిగినా మర్నాడే షాపుకి తీసుకెళ్లండి, కొత్తలో మార్చుకోవడమే తేలిక. అన్నట్టు 2 టీబీ డిస్క్ విండోస్‌లో 1.81గా కనిపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది. 2 టీబీ కన్నా పెద్దదైతే మొదట అడిగినప్పుడు జీపీటీ ఎంచుకోండి, లేకపోతే మిగతా జాగా కనిపించదు.

మన ఇళ్లలో ముఖ్యంగా ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. వారంటీలో కంపెనీ ఇచ్చేది వేరే డిస్క్, అందులో మన డేటా ఉండదు. పాడైన డిస్క్ మాత్రం అమ్మీ, అక్కచెల్లెళ్ల ఫొటోలతో సహా ఎవరి చేతికో పోతుంది. చచ్చిన డిస్క్‌లోంచి మనం ఏమీ చెరపలేం. అందుకే నింపకముందే తాళం వేయాలి. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్, లేకపోతే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్. అప్పుడు డిస్క్ ఎవరి చేతికి వెళ్లినా పాస్‌వర్డ్ లేకుండా ఏమీ కనిపించదు. పాస్‌వర్డ్ పోతే మనకీ కనిపించదు కాబట్టి కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి.

బడ్జెట్ విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. ఒక్క 4 టీబీ కొనే బదులు రెండు 2 టీబీలు, వీలైతే వేర్వేరు కంపెనీలవి, కొనండి. ఒకటి డెస్క్‌టాప్‌లో. ఇంకొకటి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి నెలకోసారి కాపీ చేసి, వేరే ఇంట్లో, అంటే అక్క దగ్గరో మామూ దగ్గరో ఉంచండి. ఎంత మంచి మోడల్ అయినా ఆ వందలో ఒకటి మీ ఇంటికే రావచ్చు. కొత్తది నింపగానే పాత డిస్క్, పెన్‌డ్రైవ్‌లు ఖాళీ చేయకండి, ఒకట్రెండు నెలలు ఆగండి. కరెంటు పోయే ఊళ్లో ఉంటే డెస్క్‌టాప్‌కి చిన్న యూపీఎస్ తప్పనిసరి.

పాత డిస్క్ ఇంకా నడుస్తుంటే, అమ్మే ముందు దానికి కూడా పూర్తి ఫార్మాట్ చేయండి. క్విక్ ఫార్మాట్ చేసినదాంట్లోంచి ఫొటోలు బయటకు తీయడం ఏమంత కష్టం కాదు. నడవనిదైతే పాత సామాన్లవాడికి తూకానికి వేయకుండా, పైమూత తీసి లోపలి పలకలు పగలగొట్టండి. మాది మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది. పడేయడానికి అమ్మీ ఒప్పుకోవడం లేదు.