పాట యొకరిది, కంఠము వేఱొకరిది

వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియు పేరు. రెంటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడని శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున చెప్పియున్నాడు. ఆ మాట వినగానే మనకు త్యాగయ్యయు, క్షేత్రయ్యయు తలపునకు వత్తురు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు చేరియుండిన వెనుకటి నల్లగొండ జిల్లాలో ఆ పేరునకు తగినవాడు మఱియొకడు కలడు. ఆయన సుద్దాల హనుమంతు. సుద్దాల గ్రామ మిప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది.

నిజాము పాలనలో ఈ సీమ వెట్టిచాకిరిచే నలిగెను. పసిబిడ్డలను ఇంట విడిచి స్త్రీలు దొరగడీలో కూలి లేక దంచవలసి వచ్చెడిది. 1944లో భువనగిరియందు ఆంధ్రమహాసభ జరిగెను. 1946 మొదలు 1951 వఱకు రైతుల సాయుధపోరాటము సాగెను. ఆ సభకును ఆ పోరాటమునకును హనుమంతు పాటలు కట్టెను, తాను పాడెను, దళములచే పాడించెను.

తాను పాడుకొనుటకు వ్రాయుట యొక యెత్తు, పరులు పాడుటకు వ్రాయుట వేఱొక యెత్తు. తన గొంతులోని లోపము తనకు తెలియును గాని, పరుల ఊపిరి ఎంతవఱకు నిలుచునో ఎవరికి తెలియును? పాడువారిలో అక్షరము రానివారే మెండు. కావున హనుమంతు క్రొత్త బాణీలకై వెదకలేదు. గొల్లలు తమ వంశకథలు చెప్పుకొను గొల్లసుద్దుల నెత్తుకొని, అందు రైతుల గోడు నింపెను. ఒకడు కథ చెప్పగా ప్రక్కవారు వంత పట్టు ఆ తీరు ఊరందఱికి చిరపరిచితము. ఒకమారు విన్నవాడు మఱునాడు పాడగలడు.

ఆయన కృతులలో ‘పల్లెటూరి పిల్లగాడా’ అనునది నాకు మిక్కిలి ప్రియము. పసులకాపరి బాలుని నిలిపి, వాని చినిగిన అంగీని గూర్చియు, కొలతలో తగ్గించి యిచ్చు తాలుగింజల జీతమును గూర్చియు కవి అడుగును. అందు కోపపుమాట తక్కువ. కన్నతల్లి యడిగినట్లే యుండును. 1980లో వెలువడిన ‘మా భూమి’ చిత్రమున దానిని స్త్రీకంఠమున వినిపించిరి. వినినవారికి కన్నులు చెమర్చక మానవు.

అదే చిత్రమున గద్దరు పాడిన ‘బండెనక బండి కట్టి’ దేశమెల్ల మ్రోగెను. దానిని కట్టినవాడు పోరాటమున నిలిచిన బండి యాదగిరి. పెక్కుమంది అది గద్దరు రచనయే యనుకొందురు. నేనును చాలకాల మట్లే తలచితిని. ఇందు పాడినవాని దోషమేమియు లేదు. త్యాగయ్య కీర్తనకు చివర ముద్ర కలదు. ప్రాణభయముతో తిరుగు దళముల పాటకు ముద్ర కెక్కడ తావు?

హనుమంతు 1982లో గతించెను. కుమారుడు అశోక్ తేజ మొదట బడిపంతులు (పంతుళ్ల యిండ్లవారము గనుక ఈ మాట వ్రాయుట నా కిష్టము), పిదప చలనచిత్రములకు పాటలు వ్రాయువాడు. 2003 నాటి ‘ఠాగూర్’ చిత్రమునందలి పాటకు ఆయనకు ఉత్తమ గీతరచయితగ జాతీయపురస్కారము లభించెను. వేదికలపై తానును పాడును. తండ్రిపేర ఏటేట కళాకారులకు పురస్కార మిచ్చు నేర్పాటు చేసినపుడు, ఆయన తల్లి జానకమ్మ పేరు కూడ దానికి చేర్చెను.