చెరువు కట్ట ఎందుకు తెగుతుంది?

కాచిగూడ నుండి దక్షిణంగా కొంత దూరం పోతే చాదర్‌ఘాట్ వంతెన వస్తుంది. దాని క్రింద మూసీనది ఏడాదిలో చాలా రోజులు సన్నని పాయగా పారుతూ ఉంటుంది. 1908 సెప్టెంబరు 28న ఈ నదియే వంతెనలను ముంచెత్తి, ఒడ్డుననున్న పేటలను ఊడ్చుకొనిపోయింది. మరణించినవారు సుమారు 15 వేలని అంచనా. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన, అనగా దాదాపు 325 మిల్లీమీటర్లు, కురిసింది. వాన అసాధారణమైనదే. కాని అపాయమంతా వానవలననే రాలేదు. మూసీ పరీవాహక ప్రాంతంలో అప్పుడు 788 చెరువులు ఉండేవి. వాటిలో 221 తెగిపోయాయి. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య తెలిపిన సంఖ్యలు ఇవి. వరదను అరికట్టడానికి జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయ్యాయి. వాటిని అందరూ ఎరుగుదురు. తెగిన చిన్న చెరువుల సంగతే ఎవరికీ అంతగా గుర్తులేదు.

కట్ట తెగిందంటే నీటి ఒత్తిడికి ఆగలేక విరిగిందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 5 మీటర్ల లోతు నీరు ప్రతి మీటరు పొడవు కట్టమీద మోపే బలం 12.5 టన్నులు. లోతు రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. చెరువు ఎంత వెడల్పుగా ఉన్నదన్న దానితో ఈ లెక్కకు నిమిత్తం లేదు. విద్యార్థులకు మొదట ఇది వింతగా తోస్తుంది. ఇక కట్ట సంగతి. ఎత్తు 6 మీటర్లు, పైన వెడల్పు 3 మీటర్లు, ఇరువైపులా మీటరు ఎత్తుకు రెండు మీటర్ల చొప్పున వాలు ఉన్నదనుకొంటే, మీటరు పొడవు కట్టలో 90 ఘనపు మీటర్ల మట్టి ఉంటుంది. దాని బరువు సుమారు 160 టన్నులు. ఇంత బరువును పన్నెండున్నర టన్నుల బలం త్రోసివేయలేదు. నీరు కట్టను త్రోయదు, కోస్తుంది. ఆ కోత పైనుండి గాని, లోపలినుండి గాని మొదలవుతుంది.

పైనుండి కోయకుండా కాపాడేది అలుగు. తెలంగాణ గ్రామాలలో దీనిని మత్తడి అంటారు. చెరువు నిండిన తరువాత వచ్చే నీరంతా కట్ట జోలికి పోకుండా దీనిమీదుగా పొర్లి వాగులో పడాలి. 10 మీటర్ల పొడవైన అలుగుకంటే కట్ట మీటరున్నర ఎత్తున ఉన్నదనుకోండి. నీరు కట్ట అంచును తాకే వేళకు ఆ అలుగు సెకనుకు సుమారు 31 ఘనపు మీటర్ల నీటిని పంపగలదు. వేసవికి మరికొంత నీరు మిగులుతుందన్న ఆశతో ఆయకట్టు రైతులు అలుగుమీద అరమీటరు ఎత్తున ఇసుక బస్తాలు పేర్చారు. ఇప్పుడు మిగిలిన ఎత్తు ఒక మీటరు, అనగా మునుపటి ఎత్తులో మూడింట రెండు వంతులు. ప్రవాహం కూడా ఆ మేరకే తగ్గుతుందా? లేదు. 17 ఘనపు మీటర్లకు, ఇంచుమించు సగానికి, పడిపోతుంది. అలుగు మీది ప్రవాహం నీటి ఎత్తును బట్టి కాక, ఎత్తును దాని వర్గమూలంతో గుణించగా వచ్చే విలువను బట్టి మారడమే ఇందుకు కారణం. రైతుల ఆశ అన్యాయమైనది కాదు. కాని అరమీటరు నీటికోసం కట్టనే పణంగా పెట్టినట్లయింది! చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా కట్టే వలలు కూడా చెత్త చిక్కుకొన్నప్పుడు ఇంతపనీ చేస్తాయి.

నీరు ఒకసారి కట్టమీద పొర్లితే వెలుపలి వాలుమీద వేగం పుంజుకొని మట్టిని కోసుకొనిపోతుంది. గండి లోతైనకొద్దీ నీరు హెచ్చుతుంది, నీరు హెచ్చినకొద్దీ గండి వెడల్పవుతుంది. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టుగా ఒకదాని క్రింద ఒకటి ఉన్నవి. ఎగువ చెరువు తెగితే, అందులో అన్ని నెలలు నిలవవలసిన నీరు కొద్ది గంటలలో దిగువ చెరువుమీద పడుతుంది. దాని అలుగును కట్టినవారు ఇంత నీటిని లెక్కలోనికి తీసుకొని ఉండరు. కడప జిల్లాలో చెయ్యేరుమీది అన్నమయ్య జలాశయం కట్ట 2021 నవంబరు 19న తెగడానికి ముందు, ఎగువనున్న పింఛా జలాశయం కట్టకు గండి పడింది.

రెండవ విధమైన కోత కంటికి కనబడదు. ప్రతి మట్టికట్టలోను కొంత నీరు ఊరుతూనే ఉంటుంది; అది దోషం కాదు. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల కలుగులు, నరికివేసిన సర్కారు తుమ్మల వేళ్ళు కుళ్ళిన సొరంగాలు ఆ ఊటకు దారి చూపినప్పుడే ప్రమాదం. ముఖ్యంగా చూడవలసిన చోటు తూము. అక్కడ రాతి కట్టడానికీ మట్టికీ మధ్య సందు ఏర్పడుతుంది. నీరు ఆ సందులోనుండి మట్టి రేణువులను ఒక్కొక్కటిగా మోసుకొనిపోతూ, వెలుపలి వైపునుండి లోపలికి ఒక గొట్టంవంటి దారిని తొలుస్తుంది. బుంగ పడిందంటారే, అది ఇదే.

2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు, ఆపై ఎత్తున్న ఆనకట్టలకు, కొన్ని షరతులతో 10 నుండి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. ఊరి చెరువుల కట్టలు చాలావరకు ఇంతకంటే పొట్టివి. కనుక పూర్వం నీరటి చేసిన పనినే నేడు ఊరివారు చేయాలి: వానకాలానికి ముందు చెట్టు చేమలు కొట్టి, కట్ట క్రుంగినచోట్లను గుర్తించి, చెరువు నిండినప్పుడు వెలుపలి వాలు అడుగున నడిచి చూడాలి. ఊట కనబడితే గాజుగ్లాసులో పట్టి కొంతసేపు ఉంచాలి. తేటగా ఉంటే గమనిస్తూ ఉంటే చాలు. గ్లాసు అడుగున మట్టి పేరుకొంటే కట్ట లోపల కరుగుతున్నదన్నమాట. వెంటనే నీటిపారుదల అధికారులకు తెలిపి, దిగువ ఇళ్ళవారిని ఖాళీ చేయించాలి. అటువంటి ఊటను బంకమట్టితో మూయబోతే నీరు ప్రక్కనే మరొక దారి చేసుకొంటుంది. ఇంజనీర్లు దానిమీద మొదట ఇసుక, పైన గులకరాళ్ళు, ఆపైన పెద్ద రాళ్ళు పరుస్తారు. ఈ పొరలు నీటిని పోనిచ్చి మట్టిని మాత్రం ఆపుతాయి.