అంగడివాని అరువు పుస్తకము

ధరలు పడిపోయినపుడు రైతుకష్టము నెల్లరును చెప్పుకొందురు. పల్లె అంగడివానిని తలచువా రరుదు. వడ్డీ మనిషియని వానిపై మనకు గల యీసే దీనికి గొంత కారణము కాబోలు.

1929లో ప్రారంభమైన ప్రపంచ మాంద్యమున వడ్లధర కొలదియేండ్లలో సుమారు సగమునకు దిగెను. అంగడివాడు ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ పట్టణపు టోకు వర్తకునియొద్ద గడువుమీద తెచ్చి, రైతునకు కోతలవరకు అరువిచ్చుచుండెను. రెండు బాకీలును రూపాయలలోనివే. ఒక బస్తాతో తీరెడి పద్దునకు రెండు బస్తాలు కావలసివచ్చెను. రైతు ముందుగా సర్కారు శిస్తు కట్టి, మిగిలినచో అంగడికి వచ్చును. టోకు వర్తకుడు మాత్రము గడువు దాటనీయడు. కొట్టున సరకుండగనే దివాలా తీయుట యిట్లు సంభవించును. మన తాతల పద్దులును ఆ పుస్తకములలో నుండలేదా?

చెన్నరాజధాని గ్రామఋణమును 1930లో బ్యాంకింగు విచారణసంఘము 150 కోట్ల రూపాయలుగా నంచనా కట్టెను; 1935లో సత్యనాథన్ నివేదిక 200 కోట్లనెను. 1938 నాటి ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరు 1కి పూర్వపు రైతుబాకీలపై పేరుకొనిన వడ్డీని కొట్టివేసెను. అది న్యాయమే. కాని భూమిలేని అంగడివాడు ఆ చట్టము దృష్టిలో రైతు కాడు. వానికి రావలసిన వడ్డీ పోయెను. వాడీయవలసిన బాకీ నిలిచెను.

2020లో కొరోనా దిగ్బంధమునాడు కేంద్రప్రభుత్వము ప్రకటించిన 3 లక్షల కోట్ల రూపాయల హామీ ఋణపథకము, ఆ యేటి ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులలో అప్పున్న వ్యాపారులకే వర్తించెను. అరువు పుస్తకముతోనే నెట్టుకొనివచ్చు వీధికొట్టువాడు ఆ పథకమునకును వెలుపలివాడే యయ్యెను.